తేనీటికి శాస్త్రము చెప్పిన అనాథ

తెల్లవారుజామున గిలకలదిండి రేవునకు పోయి చూడవలెను. రాత్రియంతయు సముద్రముమీద గడపిన పడవలు ఒకటొకటిగా రేవు చేరుచుండును. వలలు దించువారు, చేపలను గంపల కెత్తువారు, మంచుగడ్డలు పగులగొట్టువారు, వేలము పాడువారు - ఇందరి సందడి నడుమ ఒక చిన్న టీ బడ్డీ. పొయ్యిమీద గిన్నెలో టీ మరుగుచుండును. ఉప్పుగాలికి కొయ్యబారిన వ్రేళ్ళతో పడవదిగిన మనిషి మొట్టమొదట అందుకొనునది ఆ రోజు కూలి డబ్బు కాదు. పొగలు గ్రక్కుచున్న గాజుగ్లాసు. దానిని రెండుచేతుల నడుమ పట్టుకొని ఒక్క గుటక వేసిన పిమ్మటనే అతనికి మాట పెగలును.

ఈ ప్రాంతమున టీ కాచువానికి మొదటి చిక్కు ఆకుతో రాదు, నీటితో వచ్చును. సముద్రము చేరువ. తీరమున నేల త్రవ్విన ఉప్పునీరే పడును. అందుచేతనే బందరు చుట్టుపట్టుల ఊళ్ళు కృష్ణ కాలువల నీటిని చెరువులలో నింపుకొని త్రాగుట అలవాటు చేసికొన్నవి. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైన తరువాత ఈ డెల్టా బ్రతుకంతయు ఆ కాలువలను పట్టుకొని ప్రాకినదే. ఎంత మంచి ఆకు వేసినను, ఉప్పునీటితో కాచిన టీ నాలుకకు ఒప్పదు. ఈ సంగతి గిలకలదిండి బడ్డీవానికి ఎవ్వరును చెప్పనక్కరలేదు. కాని నీటి తరతమములను, నిప్పు గుణమును, మరుగులోని దశలను, త్రాగవలసిన తీరును ఒక క్రమములో పెట్టి, తేనీటికి ఒక శాస్త్రగ్రంథమును మొట్టమొదట వ్రాసినవాడు మాత్రము ఒకడు గలడు. అతడు చీనా దేశీయుడు. పేరు లూ యూ. క్రీ. శ. 733లో పుట్టి 804లో గతించినాడు. అప్పటికి మన వేంగీదేశమును తూర్పు చాళుక్యులు ఏలుచున్నారు. నన్నయభట్టు భారతమునకు ఇంకను రెండువందల యేబది ఏండ్లు వ్యవధి యున్నది.

ఇంతటి శాస్త్రకర్త రాజాస్థానమున పుట్టలేదు, పండితవంశమున పుట్టలేదు. తల్లిదండ్రు లెవరో తెలియని పసివాడు. ఆవులు కాచినాడు, దెబ్బలు తిన్నాడు, నాటకసమాజములో హాస్యగాడై గంతులు వేసినాడు. అతని జీవితము టీ త్రాగువారికంటె బడిలో పాఠము చెప్పువారికిని, వినువారికిని ఎక్కువగా తెలియదగినదని నా అభిప్రాయము. ఎందుచేత ననునది కథ పూర్తి యగుసరికి పాఠకులకే తోచును.

నేటి హూబే రాష్ట్రమున టియన్‌మెన్ అని పిలువబడు నగరమునకు ఆనాటి పేరు జింగ్‌లింగ్. అక్కడి సరస్సు ఒడ్డున విడిచిపెట్టబడిన ఒక శిశువును జిజీ అను బౌద్ధభిక్షువు చూచి, జాలిపడి, తన ఆశ్రమమునకు తెచ్చి పెంచినాడని చెప్పుదురు. ఆ శిశువును అడవిబాతులు రెక్కలతో కప్పి కాపాడినవని ఒక కథ. శకుంతలను పక్షులు కాపాడిన కథ తెలిసిన మనకు ఇది క్రొత్తగా తోచదు. పేరు లేని ఆ పిల్లవానికి పేరు పెట్టుటకై చీనావారి ప్రాచీన శకునగ్రంథమును తెరచి చూడగా, అడవిబాతు మెల్లమెల్లగా నేలకు చేరుననియు, దాని ఈక పూజకు పనికివచ్చుననియు అర్థమిచ్చు ఘట్టము వచ్చినదట. ఆ మాటలలోని నేల అను అర్థము గల లూ శబ్దము ఇంటిపేరైనది. ఈక అను అర్థము గల యూ శబ్దము పేరైనది. ఎక్కడనుండియో కొట్టుకొనివచ్చి నేలవ్రాలిన ఈక - అతని బ్రతుకునకు అంతకంటె తగిన పేరు దొరకదు.

ఆ ఆశ్రమము ధ్యాన సంప్రదాయమునకు చెందినది. మన ధ్యాన శబ్దమే చీనాలో చాన్ అయినది, జపానులో జెన్ అయినది. ఈ సంప్రదాయమును చీనాకు కొనిపోయినవాడు దక్షిణ భారతీయుడైన బోధిధర్ముడని వారి నమ్మకము. లూ యూ పుట్టుటకు ఇంచుమించు నూరేండ్లు ముందు చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ మన కృష్ణాతీరమునకు వచ్చి ధాన్యకటకమును దర్శించి పోయినాడు. ఘంటసాలలోను, గుడివాడలోను స్తూపములు కట్టించిన బౌద్ధమే కొండలు దాటి, భాష మార్చుకొని, జింగ్‌లింగ్ ఆశ్రమమున ఆ అనాథకు ఇంత అన్నము పెట్టినది. రాత్రులందు ధ్యానమునకు కూర్చుండు భిక్షువులు నిద్ర రాకుండుటకు తేనీరు త్రాగెడివారు. కాబట్టి తేనీరు కాచుట ఆశ్రమమున నేర్వవలసిన పనులలో ఒకటి. జిజీ తేనీటి ప్రియుడు. ఆయనకు కాచిపెట్టుచునే పిల్లవానికి చేయి తిరిగినది.

లూ యూ తన ఇరువది తొమ్మిదవ యేట చిన్న ఆత్మకథ యొకటి వ్రాసికొన్నాడు. బాల్యమును గూర్చి మనకు తెలియునది చాలవరకు దానినుండియే. తొమ్మిదవ యేట అతనికి అక్షరములు వచ్చినవి. గురువు బౌద్ధగ్రంథములు చేతికిచ్చి, సంసారమును విడుచు మార్గము బోధించినాడు. పిల్లవాడు ఒప్పుకొనలేదు. అన్నదమ్ములు లేరు, సన్న్యసించినచో సంతానమును ఉండదు, ఇట్టివానిని కన్‌ఫ్యూషియసు మతము పితృభక్తి గలవాడని అనునా యని ఎదురడిగినాడు. తనకు ఆ మహర్షి గ్రంథములే కావలెనన్నాడు. తండ్రి యెవరో తెలియని బాలుడు పితృధర్మము బోధించు పుస్తకమునకై మంకుపట్టు పట్టుటలో ఎంత వేదన యున్నదో ఊహింపవచ్చును.

గురువునకు కోపము వచ్చినది. ఆ కోపములో ప్రేమయు లేకపోలేదు. తాను పెంచిన బిడ్డ తన దారినే నడువవలెనన్న పట్టుదల అది. పొగరు అణగుటకు పనులు అప్పగించినాడు. ఆవరణ ఊడ్చుట, పాయిఖానాలు కడుగుట, గోడలకు మట్టి త్రొక్కుట, వీపున పెంకులు మోయుట, ముప్పది పశువులను కాచుట - ఇదియంతయు ఆ చిన్నవాని పని. వ్రాసికొనుటకు కాగితము లేదు. మేయుచున్న పశువు వీపునే పలక చేసికొని వెదురుపుల్లతో అక్షరములు దిద్దినాడు. ఒకనాడు ఒక పండితుని వద్ద ప్రాచీన కావ్య మొకటి సంపాదించినాడు. అందలి అక్షరములు చాలవరకు తెలియవు. అయినను పచ్చికలో కూర్చుండి, పుస్తకము ముందు పెట్టుకొని, బడిపిల్లలవలె పెదవులు కదలించుచు చదువుచున్నట్లు నటించినాడు. లోకములో చదువును ఇంతకంటె ఎక్కువగా కోరిన విద్యార్థి యుండునా యని నాకు సందేహము.

ఈ సంగతి గురువునకు తెలిసినది. బయటి గ్రంథముల వలన మనస్సు చెడునని తలచి, ఆశ్రమమున కట్టడి చేసి, కలుపు తీయుటకు నియమించి, పెద్ద శిష్యు నొకనిని కాపుంచినాడు. చదివిన అక్షరములు మరపునకు వచ్చుచున్నవన్న బెంగతో బాలుడు పని మరచి కొయ్యవలె నిలుచుండెడివాడు. సోమరితనమని తలచి పెద్దశిష్యుడు కొట్టెడివాడు. ఒకసారి ఆ బెత్తము అతని వీపుమీద విరిగినది. నెలలు, ఏండ్లు గడచిపోవుచున్నవి, చదువు రాకున్నది. ఇక ఓర్వలేక, బట్టలు మూటకట్టుకొని ఆశ్రమము విడిచి పారిపోయినాడు.

పోయి చేరినది ఒక నాటకసమాజమున. రూపము చక్కనిది కాదు, మాట నత్తి. ఈ రెండును అతడు దాపరికము లేక తానే వ్రాసికొన్నాడు. రంగస్థలమున ఆ లోపములనే సొమ్ము చేసికొని హాస్యగాడైనాడు, బొమ్మలాటలు ఆడించినాడు, హాస్యప్రహసనములు వ్రాసినాడు. చదువుకొఱకు పారిపోయినవాడు తుదకు నవ్వించి పొట్టపోసికొనుటకు దిగినాడు. అంతటితో కథ ముగిసినను ఆశ్చర్యపడవలసినది లేదు. అట్లు ముగిసిన కథలు ప్రతి ఊరిలోను కలవు.

ముగియకుండుటకు కారణము లీ చీవూ అను నొక అధికారి. రాజధానిలోని పదవి పోగొట్టుకొని 746 ప్రాంతమున జింగ్‌లింగునకు పాలకుడై వచ్చినాడు. ఒక ఉత్సవమున లూ యూ ఆట కట్టినాడు. అందరును నవ్వినారు. లీ చీవూ నవ్విన పిమ్మట మరల చూచినాడు. ఆ విదూషకుని మాటలలో చదువు వాసన పసికట్టినాడు. దగ్గరకు పిలిచి, చేయి పట్టుకొని, వీపు తట్టి, తన కవిత్వపు పుస్తకము బహుమానముగా ఇచ్చినాడు. బెత్తము విరిగిన వీపుమీద ఒక పెద్దమనిషి చేయి ఆప్యాయముగా పడుట అదే మొదటిసారి కాబోలు. తరువాత అతడు హోమెన్ పర్వతమున జౌ అను పండితుని వద్ద చేరి, తాను కోరిన గ్రంథములను క్రమముగా చదువుకొన్నాడు. ఒక గురువు అన్నము పెట్టి చదువు నిరాకరించినాడు. ఒక అపరిచితుడు ఒక్క పుస్తకము నిచ్చి మనిషిని నిలబెట్టినాడు.

752లో మరియొక పదభ్రష్టుడైన అధికారి, కవి, త్సుయీ గ్వోఫూ జింగ్‌లింగునకు వచ్చినాడు. వయస్సులోను హోదాలోను ఎంతయో అంతరమున్నను వారిద్దరికిని మూడేండ్లు గాఢమైన స్నేహము జరిగినది. విడిపోవునాడు ఆయన ఇతనికి ఒక తెల్లని గాడిదను, ఒక నల్లని ఎద్దును, పుస్తకములు పెట్టుకొను కొయ్యపెట్టెను బహూకరించినాడు. ఊళ్ళు తిరుగువానికి ఇంతకంటె ఉపకరించు కానుక లేదు. తేయాకు పండు కొండలను, నీటి ఊటలను వెదకుచు లూ యూ సంచరింప మొదలిడినాడు.

ఇంతలో దేశము మండిపోయినది. 755లో ఆన్ లూషాన్ అను సేనాని తిరుగుబాటు చేసినాడు. ఎనిమిదేండ్లు సాగిన ఆ యుద్ధములో తాంగ్ సామ్రాజ్యము చితికిపోయినది. దూ ఫూ మహాకవి పద్యములలో కన్నీరై ప్రవహించిన యుద్ధము ఇదియే. ఉత్తరమునుండి కాందిశీకులు గుంపులు గుంపులుగా యాంగ్‌ట్సీ నది దాటి దక్షిణమునకు వచ్చినారు. వారిలో లూ యూ ఒకడు. 760లో హూజో ప్రాంతమున టియావ్‌షీ ఏటి ఒడ్డున ఒక పూరిపాక వేసికొన్నాడు. అక్కడ జియావ్‌రాన్ అను భిక్షువు, మంచి కవి, ఆప్తమిత్రుడైనాడు. భిక్షువుల చెర విడిపించుకొని పారిపోయినవానికి జీవితమంతయు తోడు నిలిచిన స్నేహితుడు మరల ఒక భిక్షువే యగుట చిత్రము.

అచ్చటి జీవితమును అతడు తానే చిత్రించినాడు. ఒంటరిగా అడవులలో తిరుగుచు పద్యములు చదివెడివాడు; చెట్లను తట్టెడివాడు; ఏటినీటిలో చేతులాడించెడివాడు; చీకటిపడు దాక తిరిగి తిరిగి, ఏడ్చుచు ఇల్లు చేరెడివాడు. ఊరివారు పిచ్చివాడనుకొన్నారు. కాని మాట యిచ్చినచో, మంచు కురిసినను, దారిలో పులులు తోడేళ్ళు ఉన్నను, వేయిమైళ్ళయినను నడచివచ్చువాడు. ఆ పాకలో కూర్చుండి వ్రాసినదే చా జింగ్, అనగా తేనీటి శాస్త్రము. పలుమార్లు దిద్ది, 780 ప్రాంతమున లోకమున కందించినాడు. మూడు భాగములు, పది ప్రకరణములు, ఇంచుమించు ఏడువేల అక్షరములు. మన కొలతలో అది పెద్ద గ్రంథము కాదు. కాని అంతకు ముందు మందుగానో, కూరాకుగానో, భిక్షువుల నిద్రమందుగానో ఉన్న ఆకునకు అది ఒక గౌరవమును కల్పించినది.

అందులోని విషయమును కొంత మనవి చేసెదను. ఆనాటి తేయాకు నేటి పొడివంటిది కాదు. వసంతమున వాన లేని నాడు కోసిన చిగుళ్ళను ఆవిరిపట్టి, దంచి, అచ్చులలో బిళ్ళలుగా నొత్తి, ఆరబెట్టెడివారు. త్రాగదలచినపుడు బిళ్ళను నిప్పుసెగకు కాచి, నూరి, జల్లించవలెను. నిప్పునకు బొగ్గు మేలు. బొగ్గు లేనిచో గట్టికట్టె. మాంసము కాల్చి జిడ్డు పట్టిన బొగ్గు, పుచ్చిపోయిన పాతకొయ్య పనికిరావు. ఆ వాసన నీటికి పట్టును. నీటిలో కొండనీరు ఉత్తమము, ఏటినీరు మధ్యమము, నూతినీరు అధమము. కొండనీటిలోను రాళ్ళమధ్య మెల్లగా ఊరి జారునది మంచిది. ఉరుకులు పెట్టు నీరు కూడదు. కదలక నిలిచిన నీరు అసలే కూడదు. ఏటినీరైనచో మనుష్యసంచారము లేనిచోట ముంచుకొనవలెను. నూతినీరే గతియైనచో, పదిమంది ఎప్పుడును తోడుకొను నూతిని చూచుకొనవలెను.

ఇక మరుగును గూర్చి. అతడు మూడు దశలు చెప్పినాడు. చేపకన్నులవంటి చిన్నబుడగలు లేచి, సన్నని చప్పుడు వచ్చుట మొదటిది. అపుడు చిటికెడు ఉప్పు వేయవలెను. గిన్నె అంచుల వెంబడి ముత్యాలసరములవలె బుడగలు వరుసకట్టుట రెండవది. అపుడు ఒక గరిటెడు నీరు తీసి ప్రక్కన నుంచి, మిగిలిన నీటిని త్రిప్పుచు, నడుమ సుడిలో పొడి వేయవలెను. అలలవలె ఎగసిపడుట మూడవది. అపుడు ప్రక్కనుంచిన నీటిని తిరుగబోసి పొంగు నణచవలెను, నురుగు నిలుచును. అంతకుమించి మరిగిన నీరు ముసలిదైపోయినదని అతని నిర్ణయము. చీనా కొలతలో ఒక షెంగ్ నీటిని, అనగా అరలీటరు పైచిలుకు, అయిదు గిన్నెలుగా పంచవలెను. వేడిగా నున్నపుడే త్రాగవలెను. వేడిలో బరువైన మడ్డి అడుగున దిగును, సారము పైన తేలును. చల్లారెనా, ఆ సారము ఆవిరితో పాటే ఎగిరిపోవును. తేనీరు వేడివేడిగా త్రాగవలెనని మన యిండ్లలో పెద్దలు తొందరపెట్టుటకు పన్నెండువందల ఏండ్ల వెనుకనే ఇట్లు కారణము చెప్పబడినది.

ఆనాడు జనులు తేయాకుతో పాటు ఉల్లికాడలు, అల్లము, రేగుపండ్లు, నారింజ తొక్క, పుదీనా వేసి సంకటివలె ఉడికించెడివారు. అట్టిది మురికికాలువ నీటితో సమానమని లూ యూ కసరినాడు. ఈ మాట విని గిలకలదిండి బడ్డీవాడు నొచ్చుకొనవలసినది లేదు. అల్లము దంచివేసి, పాలు పోసి, పంచదార కలిపి మరిగించు మన టీ వేరొక జాతి. మన బడ్డీలలో ఎక్కువగా వాడు టీ పొడి అస్సాము మొదలగు తోటల ఆకును యంత్రములలో నలిపి, గుండగా చేసినది. పాలకు తట్టుకొనునట్లు చిక్కగా దిగును. అతని ఆకు వేరు, మన ఆకు వేరు. కాని నీరు చూచుకొనుట, పొంగు కనిపెట్టుట, వేడి తగ్గకముందే చేతికిచ్చుట - ఈ మూడింటిలోను ఆ చీనా శాస్త్రకర్తయు, మన రేవు బడ్డీవాడును ఒకే బడి పిల్లలు.

తేయాకు అను మన మాటను చూడుడు. చీనాలో అధికప్రాంతమున దీనిని చా అందురు. తూర్పుతీరమున ఫ్యూకియన్ ప్రాంతమువారు తే అందురు. మెట్టదారిన బేహారులతో పోయిన చోట్ల చా, చాయ్ అయినది. ఓడలమీద పోయిన చోట్ల తే, టీ అయినది. ఆ రేవుమాటను ఐరోపాకు మోసినవారిలో ముఖ్యులు డచ్చివారు. పదునేడవ శతాబ్ది ఆరంభముననే మచిలీబందరున కోఠీ పెట్టి మన అద్దకపు బట్టలను తూర్పుదీవులకు తరలించినవారును వారే. హైదరాబాదువారు చాయ్ అనుటలో మెట్టదారియు, మనము టీ అనుటలో, తేయాకు అనుటలో సముద్రపుదారియు నేటికిని వినబడుచున్నవి.

శాస్త్రకర్తకు కీర్తి వచ్చినది. కీర్తి వెనుకనే అవమానమును వచ్చినది. తాంగ్ కాలమువాడే యగు ఫెంగ్ యెన్ అను రచయిత ఈ ముచ్చట చెప్పినాడు. లీ జీచింగ్ అను రాజప్రతినిధి దక్షిణమునకు పర్యటనకు వచ్చినాడు. చాంగ్ బోశ్యోంగ్ అనునొకడు లూ యూ పద్ధతినే నేర్చి, మరికొంత మెరుగుపెట్టి, మేలి బట్టలు కట్టి, టోపీ పెట్టి, పరికరములను ఒక్కొక్కటి చూపి పేరు చెప్పుచు తేనీరు కాచి ఇచ్చినాడు. ప్రభువు మెచ్చినాడు. తరువాత లూ యూను పిలిపించినాడు. అతడు పల్లెటూరి బట్టలతో వచ్చి, ఆ పనినే చేసినాడు. దొరగారికి చులకన కలిగినది. త్రాగిన పిమ్మట సేవకుని పిలిచి, టీ కాచినవానికి ముప్పది కాసులు ఇచ్చి పంపుమన్నాడు. శాస్త్రము ఎవరిదో ఎరుగక, వేషమును మెచ్చి, శాస్త్రకర్తకు కూలి కట్టినాడు. ఆ సిగ్గుతో లూ యూ తేనీటిని ఖండించుచు ఒక వ్యాసమే వ్రాసినాడట. ఆ వ్యాసము నేడు దొరకదు. అతని శాస్త్రమే నిలిచినది.

కాని లూ యూ చెప్పినది కేవలము వైభవము కాదు. తేనీరు నడవడి చక్కగా నుండి, మితముగా బ్రతుకువారికి తగినదని మొదటి ప్రకరణముననే వ్రాసినాడు. ఇరువది నాలుగు పరికరములను వర్ణించినవాడు, తొమ్మిదవ ప్రకరణమున వానిలో ఏవి ఎప్పుడు విడిచిపెట్టవచ్చునో చెప్పినాడు. అడవిలో, రాళ్ళమీద, ఏటి ఒడ్డున కాచుకొనువానికి సగము సామాను అక్కరలేదు. పట్టణములలో ప్రభువుల యిండ్లలో మాత్రము ఒక్కటి తగ్గినను కూడదని శాసించినాడు. ఇందులో చిన్న చురక యున్నదేమో! తన ఇనుపపొయ్యి కాలిమీద, తాంగ్ ప్రభువులు తిరుగుబాటు నణచిన మరుసటి సంవత్సరమున చేయబడినదని చెక్కించినాడు. అనగా 764. ప్రజలు పొయ్యి వెలిగించి నిశ్చింతగా ఇంత వేడినీరు త్రాగగలుగుటయే శాంతికి గుర్తని అతని హృదయము.

తరువాతి కాలమున గౌరవములకు లోటు లేదు. మహా లిపికారుడు యెన్ జెన్‌చింగ్ హూజో పాలకుడుగా నున్న దినములలో ఒక పెద్ద నిఘంటువు కూర్చుటకు పండితులను పిలిచినాడు. వారిలో పూర్వము పశువుల వీపుమీద అక్షరములు దిద్దినవాడు కూడ ఒకడు. 773లో కట్టిన ఒక మండపమునకు పేరు పెట్టినవాడు లూ యూ. ఫలకము వ్రాసినవాడు యెన్ జెన్‌చింగ్. పద్యము చెప్పినవాడు జియావ్‌రాన్. చక్రవర్తి ఆస్థానము రెండు పదవులు ఇచ్చినది, అతడు పోలేదు. 793లో ప్రభుత్వము తేయాకుపై పదవవంతు పన్ను విధించినది. పన్ను వేయదగినంతగా ఆ వర్తకము అతని కాలముననే పెరిగినది.

వర్తకులు మాత్రము అతనిని దేవుని చేసినారు. కుమ్మరులు లూ యూ బొమ్మలు చేసి, పదులకొలది పాత్రలు కొన్నవారికి ఒక బొమ్మ ఉచితముగా ఇచ్చెడివారట. టీ అమ్మువారు ఆ బొమ్మను పొయ్యి దగ్గర నిలిపి కొలిచెడివారు. బేరము సాగనినాడు దాని నెత్తిన నీరు కుమ్మరించెడివారు. దేవుడైనను బేరము చూపవలసినదే! నాటకములో హాస్యగాడుగా నున్నవాడు ఈ సన్మానమును చూచి మనసార నవ్వియుండును.

ఒక కథ చెప్పి ముగించెదను. లూ యూ వెడలిపోయిన తరువాత జిజీ భిక్షువు మరియెవరు కాచి ఇచ్చినను తేనీరు ముట్టలేదట. ఈ మాట చక్రవర్తి చెవిని పడినది. ఆయన భిక్షువును రాజధానికి రప్పించి, అంతఃపురమున నేర్పరియైన పరిచారికచేత కాచి ఇప్పించినాడు. ఒక గుటకతో ఆయన గిన్నె దించినాడు. మరునాడు రహస్యముగా లూ యూను పిలిపించి కాయించి ఇప్పించగా, భిక్షువు గిన్నె ఖాళీ చేసి, ఇది నా పిల్లవాడు కాచినదని గుర్తుపట్టినాడట. ఇది పుక్కిటి పురాణమే కావచ్చును. కాని చరిత్రకారులు వ్రాసిన మరియొక సంగతి యున్నది. జిజీ మరణవార్త విన్ననాడు లూ యూ మిక్కిలి దుఃఖించి ఒక గీతము కట్టినాడు. బంగారు పాత్రలను, పదవులను తాను కోరలేదనియు, జింగ్‌లింగ్ వైపునకు ప్రవహించిపోవు ఏటినీటిని చూచినపుడు మాత్రము అసూయ కలుగుచున్నదనియు దాని భావము. తనను కొట్టించిన గురువు, తనను బ్రతికించిన గురువు, ఒక్కడే. అన్ని నీళ్ళకును తారతమ్యము నిర్ణయించినవానికి తుదకు ఆ ఒక్క నీరే ప్రియమైనది.

చదువు చెప్పువారికి ఈ జీవితమున రెండు ముఖములు కనబడును. జిజీ చేయి చెడ్డది కాదు. తాను ఎరిగిన మంచిని బలవంతముగా మ్రింగించుటయే ఆయన చేసిన తప్పు. లీ చీవూ చేసిన మేలు చాల చిన్నది. నవ్వించువాని వెనుక నున్న విద్యార్థిని ఒక్కసారి చూచినాడు. వెనుకబల్లమీద నత్తిగా మాటలాడు పిల్లవానిని చూచునప్పుడు మన చూపు ఈ ఇద్దరిలో ఎవరిదో మనమే పరీక్షించుకొనవలెను. విద్యార్థికి దొరకునది మరియొకటి: తక్కువ పని యని ఒకటి లేదు, శ్రద్ధ లేని పని యని మాత్రమే యున్నది. ఆశ్రమమున చాకిరిగా నేర్చిన పనిని లూ యూ శ్రద్ధచేత శాస్త్రముగా చేసినాడు.

గిలకలదిండిలో ప్రొద్దెక్కినది. పడవలు ఖాళీ యైనవి. బడ్డీవాడు గిన్నె కడిగి, కొత్తనీరు పోసి, పొయ్యిమీద పెట్టినాడు. చేపకన్నులు లేచుచున్నవి.